ద్వీపకథలో దొంగ

బిడ్డల చేతికి అపరాధ పరిశోధక కథల నీయవచ్చునా, కూడదా యను ప్రశ్న మన గృహములలో చిరకాలముగా నున్నదే. కూడదనువారి వాదము తోసివేయదగినది కాదు. దొంగతనము, మోసము, దాపరికము, వీని చుట్టును తిరుగు కథ పసిమనస్సునకు ఏమి మేలు చేయును? కనబడిన ప్రతివానిని శంకింపుమని చెప్పు పుస్తకము నమ్మకమును నేర్పగలదా? ఇట్లడుగు తల్లిదండ్రులను ఛాందసులని పరిహసించుట మాకు సమ్మతము కాదు. కాని పుస్తకమును పెట్టెలో దాచినంతమాత్రమున బిడ్డ యెదలో పుట్టిన ‘ఎవరు? ఎట్లు? ఎందుకు?’ అను మూడు ప్రశ్నలను దాచలేము. ఆ మూడును జ్ఞానమునకు మొదటి మెట్లు. వానిని అణచివేసి విద్య చెప్పబూనుట దీపము నార్పి పుస్తకము విప్పుట వంటిది.

కావున ఈయవచ్చునా యను ప్రశ్నను విడిచి, ఎట్టివి వ్రాయవలె నను ప్రశ్నను మేము చేపట్టుచున్నాము. అందును విషయమును ఒక చిన్న తావునకు కుదించుకొనుచున్నాము. ఒక దీవి; దానిపై కాపురముండు నూటయేబది గడపలు; అచట జరిగిన ఒక అపరాధము; దాని ముడి విప్పబూనిన నలుగురు పిల్లలు. ఇట్టి కథ బిడ్డల మనస్సునకు ఆరోగ్యము చేకూర్చవలెనన్న ఎట్లుండవలయును? దీవినే యేల యెన్నుకొంటిమని చదువరులు అడుగవచ్చును. అపరాధ కథలోని నీతిని గీచి చూచుటకు దీవిని మించిన ఒరగల్లు లేదని మా తలంపు.

దీవి కథలు రెండు తెఱగులు. కాపురములు లేని దీవిపై నడచునవి కొన్ని, కాపురములున్న దీవిపై నడచునవి కొన్ని. 1719లో వెలువడిన డీఫో ‘రాబిన్సన్ క్రూసో’, 1883లో గ్రంథరూపము దాల్చిన స్టీవెన్సన్ ‘ట్రెజర్ ఐలెండ్’ మొదటి తెగలోనివి. అచట దీవి యనగా సాహసము, నిధి, ఒంటరితనము. ‘ట్రెజర్ ఐలెండ్’ చివర మంచివారు ధనముతో ఓడ యెక్కుదురు. తిరుగుబాటు చేసిన నావికులలో ముగ్గురిని దీవిపైననే దిగవిడిచి వెడలిపోవుదురు. వారి మొగము మరల చూడవలసిన పని యెవ్వరికిని లేదు. పాపిని వెనుక వదలి పడవ నడుపుకొనిపోవుటయే ఆ కథలోని న్యాయము.

కాపురమున్న దీవిలో ఆ న్యాయము చెల్లదు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ గోదావరి కల్పించిన మన లంకలనే తీసికొందము. వానిలో కొన్నింటికి నేడు వంతెనలు వచ్చినవి. కొన్నింటికి నేటికిని పడవయే దారి. కూరగాయల తట్టలు, పాల బిందెలు, బడికి పోవు పిల్లలు, పురుటికి పోవు ఆడుబిడ్డలు, అందఱును ఒక్క రేవుననే దాటవలయును. పడవవానితో పగబట్టి అచట బ్రతుకగలవాడు లేడు. 1986 ఆగస్టులో వచ్చినట్టి మహావరద మాట చెప్పనేల, ఏటేట వచ్చు చిన్న వరదకైనను పొరుగువాని చేయి పట్టనిదే పశువులను గట్టు చేర్చలేరు. నిన్న మనము దొంగ యన్నవాడే నేడు మన బిడ్డను పడవలోని కెత్తి కూర్చుండబెట్టవలసినవాడు. నగరకథలో రక్షకభటులు దొంగను తీసికొనిపోగానే పుస్తకము ముగియును. దీవికథలో అసలు కథ అచటనే మొదలగును.

ఈ చిక్కును తప్పించుకొనుటకు రచయితలకు దొరికిన సులభమార్గము ఒకటి కలదు. దొంగను బయటినుండి తెచ్చుట. దీవిలోనివారందఱును మంచివారు; పడవ దిగిన క్రొత్తవాడు చెడ్డవాడు. వానిని పట్టియిచ్చిన పిమ్మట దీవి మునుపటివలె నిర్మలమై వెలుగును. ఎవ్వరి మనస్సును నొవ్వదు, ఎవ్వరును సిగ్గుపడ నక్కఱలేదు. పైకి చూచినచో ఇంతకంటె ఆరోగ్యకరమైన కథ వేఱొకటి యుండదనిపించును. కాని బిడ్డ నేర్చుకొనిన పాఠమేది? కీడు మనలో లేదు, పరాయివానితో వచ్చును అనునదే. ఇంతకంటె అసత్యమును, ఇంతకంటె అపాయమును అయిన పాఠము మఱొకటి కలదా?

ఆంగ్లదేశపు రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ బాలల సాహస కథలకు లోకప్రసిద్ధురాలు. ఆమె ‘ఫేమస్ ఫైవ్’ వరుసలో మొదటి పుస్తకము 1942లో వెలువడినది. కిర్రిన్ అను చిన్న దీవి, దానిపై పాడుపడిన కోట, అందులో దాగిన బంగారు కడ్డీలు దాని కథావస్తువు. ఆ పుస్తకముల గుణమును మేము తక్కువ చేయము. పిల్లలు వెన్నెలలో పడవ వేసికొనిపోవు ఉత్సాహము, రొట్టెముక్క పంచుకొను స్నేహము, భయము గలిగినను వెనుదీయని పట్టుదల వానిలో నిండుగా నున్నవి. కాని 1944లో ఆమె వ్రాసిన ‘ఐలెండ్ ఆఫ్ అడ్వెంచర్’ను చూడుడు. అందులో దొంగనోట్లు ముద్రించు ముఠాకు తోడ్పడు సేవకుడు తొలి ముద్రణలో నల్లజాతివాడు. తరువాతి కాలపు ముద్రణలలో అతని రంగును, పేరును మార్చిరి. మార్చుట మంచిదే. అయినను ఒక తరము పిల్లలు ఆ దేహపు రంగునే ఆధారముగా భావించి చదివిరి గదా! ఆధారములను వెదకి తీర్పు చెప్పవలసిన కథ, ఆధారములకు ముందే తీర్పును పుట్టుకలో వ్రాసిపెట్టినది.

ఈ దోషమును ఆ శాఖలోని పెద్దలే కనిపెట్టిరి. కథకుడును మతాచార్యుడును అయిన రొనాల్డ్ నాక్స్ 1929లో అపరాధ కథలకు పది నియమములు కూర్చెను. వానిలో నొకటి, కథలో చీనావాడు ఉండరాదని. పైకిది జాతిద్వేషమువలె తోచును. నిజమునకు ఆనాటి చౌకబారు కథలలో దుర్మార్గు డనగానే ఒక చీనావానిని పట్టి తెచ్చు వాడుకపై విసుగుతో పెట్టిన నియమ మది. మనకును ఇట్టి వాడుక లేకపోలేదు. ఊరిలో వస్తువు పోయినచో మొదట సంచారజాతుల గుడారములకు పరుగెత్తుట మన పల్లెలకు క్రొత్త కాదు. 1871లో తెల్లదొరతనము కొన్ని జాతులకు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేయు చట్టమును చేసెను. 1911లో దానిని చెన్నరాజధానికిని విస్తరింపజేసెను. మన యెఱుకల కుటుంబములెన్నో ఆ ముద్రను మోసినవి. 1952లో ఆ చట్టము రద్దయ్యెను. చట్టపు పుటనుండి పోయిన ముద్ర మనుష్యుల మనస్సునుండియు పోయెనని చెప్పగలమా? పిల్లల కథలో గంగిరెద్దులవానిని దొంగగా చూపు రచయిత ఆ రద్దయిన చట్టమునే బిడ్డల చేత మరల చదివించుచున్నాడు.

ఇక రెండవ సులభమార్గము. దొంగయే లేడనుట. పోయిన గొలుసును కాకి యెత్తుకొనిపోయినది. రాత్రి వినబడిన అడుగులు పిల్లివి. గుడిలో వెలిగిన దీపము మిణుగురు. చివర అందఱును నవ్వుకొని పరమాన్నము తిందురు. మన సంస్కారప్రియులలో ననేకులకు ఇట్టి కథయందే ప్రీతి. ఐదేండ్ల బిడ్డకు ఇది చాలును. పది పండ్రెండేండ్ల బిడ్డకు చాలదు. తన పలక బలపమును తోటివాడు దాచినప్పుడే ఆ బిడ్డకు లోకములో తప్పు కలదని తెలిసినది. తెలిసిన సంగతిని పెద్దలు లేదని బుకాయించుచున్నారని గ్రహించిననాడు, కథను మాత్రమే కాదు, పెద్దల మాటనే నమ్ముట మానును. ఆరోగ్యకరమగు ఆహారమనగా ఉప్పు కారములు లేని పథ్యమని అర్థము కాదు గదా!

కావున మూడవ మార్గమొకటి కావలయును. అపరాధము నిజమైనదిగా నుండవలెను. దానివలన ఒకరికి నిజముగా నష్టము కలిగియుండవలెను. చేసినవాడు దీవిలోనివాడే, బిడ్డలెఱిగినవాడే కావలెను. అతడు పట్టుబడిన పిమ్మట ఆ దీవిలో ఎట్లు బ్రతుకునో కథ చెప్పవలెను. ఈ నాలుగును కుదిరిన కథ ఎట్లుండునో యూహించుటకు ఒక కల్పనను చదువరుల ముందుంచుచున్నాము.

గోదావరి లంకలలో నేల నిలుకడగలది కాదు. ఒకచోట నది గట్టును కోసికొనిపోవును, మఱొకచోట ఇసుకను, ఒండ్రుమట్టిని మేట వేయును. అట్టి లంకలో ఒక వితంతువునకు నలువది సెంట్ల భూమి కలదు. అదియే ఆమెకు జీవనాధారము. వరద తీసిన కొన్ని మాసములకు చూడగా, పొరుగు పొలమునకును ఆమె పొలమునకును నడుమనున్న సరిహద్దురాయి ఆమె వైపునకు పండ్రెండడుగులు జరిగియున్నది. నది జరిపెనని కొందఱనిరి. ఆ ప్రక్కనే బాతుల మందను మేపుకొనుచు పరగళ్లలో దిగియున్న బాతులవాడు జరిపెనని పెక్కుమంది యనిరి. అతడు ఏటేట కోతల తరువాత వచ్చి పోవువాడు. అతని తరపున మాటలాడుటకు ఊరిలో ఎవ్వరును లేరు. గుడారము తీసికొని తెల్లవాఱునాటికి లంక దాటిపొమ్మని పెద్దలు అతనికి చెప్పిరి.

పిల్లలు ఆ రాతిచుట్టును చూచిరి. ప్రవాహములో నిలిచిన రాతికి ఎగువ ప్రక్క నీరు గుంట త్రవ్వును, దిగువ ప్రక్క ఇసుక తోకవలె మేట వేయును. జరిగిన రాతి మొదట గుంటయు లేదు, తోకయు లేదు. పండ్రెండడుగుల దూరమున గుంటయు తోకయు ఉన్నవి, రాయి లేదు. అనగా వరద పారినంతసేపును రాయి పాతచోటనే నిలిచియుండెను. దానిని జరిపినది నది కాదు. మఱి, క్రొత్తచోట రాతికి చుట్టుకొనిన కాకరతీగ కాయలు కాచియున్నది. మొలక రాతిని పట్టి ప్రాకి కాయు సరికి ఎన్నో వారములు పట్టును. బాతులవాడు లంకకు వచ్చి పదిదినములైనను కాలేదు. కావున అతడును కాడు. మిగిలిన దేమి? కార్తికమాసములో ప్రక్క పొలము పెద్దాయన తన వంగిన గునపమును అవతలి గట్టు కమ్మరి కొలిమికి పంపిన సంగతి పడవవానికి జ్ఞాపకమున్నది. లంకలో ఏ వస్తువైనను పడవ దాటనిదే కదలదు. పడవకు తెలియని రహస్యము లంకలో తక్కువ.

ఈ కల్పనలో ఆధారములన్నియు నేలమీద, నీటిలో, తీగలో బయలుగా నున్నవని గమనింపుడు. తలుపు సందున చెవి యొగ్గి వినినది లేదు, ఒకరి యుత్తరమును విప్పి చదివినది లేదు. పిల్లల పరిశోధక కథలలో పెక్కింట చాటునుండి వినుటయు, పెట్టెలు వెదకుటయు మెచ్చుకోలును పొందుచున్నవి. ఇంటిలో ఆ పనికే మనము బిడ్డను మందలింతుము. దీవికథకు అట్టి యక్కఱ లేదు. నదీముఖమున నున్న దీవులలో ఆటుపోటులే గడియారము. ఒక పోటునకును మఱొక పోటునకును సుమారు 12 గంటల 25 నిమిషములు. దినదినమునకు సుమారు 50 నిమిషములు వెనుకబడును. అమావాస్యా పూర్ణిమలకు పోటు హెచ్చు. ఏకాదశినాటి వేకువను పాయలోనికి పడవ తెచ్చితినని ఒకడు చెప్పినచో, ఆ వేళకు అచట పడవ తేలునంత నీరు కలదా యని పంచాంగము చూచి లెక్కవేయు ముసలమ్మ ఏ డిటెక్టివునకు తీసిపోదు. బిడ్డ ఆమె ప్రక్కన కూర్చుండి ఆ లెక్క నేర్చుకొనును. ఇది పరిశోధనయు నగును, విద్యయు నగును.

రచయిత ఆధారమును దాచి చివర గారడి చేసినట్లు చూపరాదని నాక్సు నియమములు చెప్పుచున్నవి. పెద్దల కథలలో అది ఆటకు సంబంధించిన నియమము. పిల్లల కథలలో అది సత్యమునకు సంబంధించిన నియమమని మా యభిప్రాయము. చదువుచున్న బిడ్డకు గుంటయు, తోకయు, తీగయు ముందే కనబడవలెను. రచయిత తనను మోసగింపలేదని తెలిసిన బిడ్డకు, ఆధారము లేనిదే యెవ్వరిని నిందింపరాదను మాట బోధింపకయే బోధపడును.

ఇప్పుడు ముఖ్యమైన ఘట్టమునకు వచ్చుచున్నాము. నిర్దోషి యని తేలిన బాతులవాని గతి యేమి? సామాన్యముగా రచయితలు ఇట్టివానిని మఱచిపోవుదురు. అసలు దొంగ దొరకిన సంతోషములో, అనుమానము మోసినవాడు కథనుండి జాఱిపోవును. ఇదియే మాకు సహింపరానిది. ఆతనిని వెడలిపొమ్మని చెప్పిన పెద్దలు ఆతని గుడారమునకు నడచిపోయి తప్పు చెప్పుకొను ప్రకరణమొకటి కథలో ఉండి తీరవలయును. దానిని ఒక్క వాక్యముతో సరిపుచ్చరాదు. పెద్దలు బిడ్డల యెదుట క్షమాపణ కోరుట మన పుస్తకములలో ఎంత యరుదో చదువరు లెఱుగుదురు. ఆ దృశ్యమును చూచిన బిడ్డ దొంగను పట్టుటకంటె గొప్పదైన పని యొకటి కలదని నేర్చుకొనును.

మఱి పెద్దాయన? ఆతడు రాక్షసుడు కాడు. ఆతని పొలములో సగము గడచిన రెండు వరదలలో నదిపాలైనది. బడికి పోవు మనుమలు కలరు, అప్పు కలదు. ఊరిలో ఎవ్వరును ఆతని నష్టము మాట యెత్తలేదు. ఒక రాత్రి గునపము పట్టుకొని బయలుదేరెను. ఈ కారణములు చెప్పుటలో నొక ప్రమాదమున్నది. కారణము తెలిసినంతనే తప్పు చిన్నదైపోయిన ట్లనిపించును. అట్లనిపింపరాదు. పండ్రెండడుగుల నేల పోయిన వితంతువు ఆ యేడు ఎన్ని మడులు విత్తలేకపోయెనో, ఆమె బిడ్డ బడి యేల మానెనో అంతే వివరముగా చెప్పవలయును. కారణము తెలిసికొనుట వేఱు, తప్పును మాఫీ చేయుట వేఱు. ఈ భేదమును పండ్రెండేండ్ల బిడ్డ గ్రహింపలేదనుకొనుట మన పొరపాటు.

కథ ముగింపు మేమిట్లు చేయుదుము. పెద్దాయన అందఱి యెదుటను తప్పు నొప్పుకొనును. తన చేతితోనే రాతిని పెకలించి పాతచోట నిలుపును. బరువు మోయలేకున్నచో పిల్లలు చేయి వేయుదురు. పోయిన పంటకు బదులుగా ఆమెకు ధాన్యము కొలిచి యిచ్చును. పిమ్మట ఊరు మఱొక సంగతిని విచారించును: నది పొలము కోసికొనిపోయినవానికి ఊరు ఏమి చేయవలయును? ఆ వితంతువు ఆతనిని క్షమించెనా యను ప్రశ్నకు మాత్రము మేము బదులు వ్రాయము. క్షమించుట ఆమె హక్కు. కథ సుఖాంతము కావలెనని రచయిత ఆమె చేయి పట్టి క్షమింపజేయరాదు. మఱునాడు రేవులో ఆమెయు, ఆతడును ఒక్క పడవయే యెక్కుదురు. మాటలాడుకొందురో లేదో చదువు బిడ్డయే తలపోయనిండు.

ఇది మన సంప్రదాయమునకు విరుద్ధమని యెవ్వరైన ననవచ్చును. కాదని మా మనవి. కాళిదాసు శాకుంతలములో రాజముద్రిక దొరకిన జాలరిని రక్షకభటులు దొంగయని కట్టి కొట్టుచు తెత్తురు. బీదవాని చేతిలో విలువైన వస్తువు కనబడుటయే వారికి చాలిన ఆధారము. ఆతడు చెప్పిన చేప కడుపు కథయే నిజమగును. శూద్రకుని మృచ్ఛకటికములో కన్నము వేసిన శర్విలకుడు దాసియైన తన ప్రియురాలిని విడిపించుకొనుటకై దొంగయగును. ఆతడే తరువాత పరుల మేలునకు పూనుకొనును. నిరపరాధియైన చారుదత్తుడు వధ్యస్థానము వఱకు పోయి బ్రతికివచ్చి, తనపై హత్యానింద మోపిన శకారుడు శరణుజొచ్చినపుడు ఆతనిని విడిచిపెట్టును. ఈ నాటకములు బాలలకై వ్రాసినవి కావు. కాని అనుమానము మొదట ఎవరిపై పడును, తప్పు చేసినవానిని చివర ఏమి చేయవలయు నను రెండు ప్రశ్నలను మన పూర్వులు ఎన్నడో వేసికొనిరనుటకు ఇవి చాలిన సాక్ష్యములు.

పాశ్చాత్యులలోను ఇట్టి జాడలు లేకపోలేదు. కోనన్ డాయిల్ 1892లో ప్రకటించిన నీలమణి కథలో షెర్లాక్ హోమ్సు దొంగను పట్టియు పోనిచ్చును. చెఱసాలకు పంపినచో వాడు జన్మమంతయు చెఱసాలవాడే యగునని ఆతని తలంపు. దయగల ముగింపే, కాని అందులో నొక కొఱత కలదు. పూర్వమొకసారి శిక్షపడినవాడను కారణముచేత ఆ దొంగతనము మోపబడి, నిరపరాధియైన పనివాడొకడు నిర్బంధములో నుండెను. అసలు దొంగ ఆతని మొగము చూడకయే, దేశము విడిచిపోవుదునని చెప్పి పరుగెత్తును. లండను మహానగరములో నది సాధ్యము. నూటయేబది గడపల దీవిలో పరుగెత్తుటకు తావులేదు. 1911లో గ్రంథరూపము దాల్చిన చెస్టర్టన్ ఫాదర్ బ్రౌన్ కథలు ఈ విషయమున ఒక మెట్టు పైననున్నవి. ఆ ఆచార్యుడు ఫ్లాంబో అను గజదొంగను వెంటాడి, ఒప్పించి, దొంగసొమ్ము విడిపించును. తరువాత వారిరువురును స్నేహితులగుదురు. పట్టువడినవాడు కథనుండి మాయము కాక కథలోనే బ్రతుకుట మనము నేర్చుకొనదగిన పద్ధతి.

ఇచట నొక ఆక్షేపణ వచ్చును. బిడ్డలకు న్యాయదృష్టి తీక్ష్ణము. తప్పు చేసినవాడు శిక్షింపబడనిచో వారికి తృప్తి కలుగదు. దయ చూపించిన కథ తప్పు చేసినను ఫరవాలేదని చెప్పినట్లగునని. ఈ యాక్షేపణలో సత్యమున్నది. దయ యనగా మఱుగుపఱచుట కాదు. ఊరి పరువు పోవునని పంచాయతీలో గుట్టుగా సర్దివేయుట చిన్న సమాజములకు పుట్టిన జాడ్యము. అట్టి సర్దుబాటులో ఎల్లప్పుడును నష్టపడునది దిక్కులేనివారే. కావుననే తప్పు పదుగురి యెదుట తప్పని చెప్పబడవలె ననియు, పోయినది తిరిగి చేరవలె ననియు మేము పట్టుపట్టుచున్నాము. తన చేతితో రాతిని పాతచోట నాటుట చెఱసాలకంటె తేలికైన శిక్షయని చెప్పువాడు ఆ పెద్దాయన స్థానమున నొకమాఱు నిలిచి చూడవలయును.

పరిశోధకులైన బిడ్డల విషయమునను ఒక మాట. వారు నిష్కళంకులైన దేవతలు కానక్కఱలేదు. జర్మను రచయిత ఎరిక్ కేస్ట్నర్ 1929లో వెలువరించిన ‘ఎమిల్’ కథలో, రైలులో ధనము పోగొట్టుకొనిన బాలుడు రక్షకభటుల కడకు పోవ జంకును. తన యూరిలో ఒక ప్రభువు విగ్రహమునకు రంగు పూసి మీసములు దిద్దిన చిన్న నేరము వాని గుండెలో గుచ్చుచుండును. ఎంత చక్కని యూహ! తన తప్పు తనకు జ్ఞాపకమున్న బిడ్డ పరుని తప్పును వెదకునపుడు క్రూరముగా వెదకదు. ఇక పడవ నడుపు వంతు బాలురకును, గిన్నెలు తోము వంతు బాలికలకును పంచిపెట్టు పాత వాడుకను విడుతుము గాక. లంకలో తెడ్డు వేయ నేర్చిన బాలికలు కలరు. గిన్నెలు తోముట బాలురకును వచ్చును.

ఒక్క హద్దును మాత్రము దాటరాదు. బిడ్డల శరీరమునకు కీడు తలపెట్టు దుర్మార్గము పిల్లలు తమలో తాము విడదీసికొనదగిన చిక్కు కాదు. అచట మేము చెప్పిన ఊరి సర్దుబాటుకును తావు లేదు. 2012లో వచ్చిన పోక్సో చట్టము అట్టి సంగతి తెలిసిన పెద్దలు దానిని అధికారులకు తెలిపి తీరవలెనని విధించినది. పెద్దలకు చెప్పకుండుటయే సాహసమని పొగడు కథలు బిడ్డలను ఒంటరులను చేయుచున్నవి. మన దీవికథలో పెద్దలందఱును తెలివితక్కువవారు కారాదు. బిడ్డ నమ్మి చెప్పుకొనదగిన పెద్ద ఒక్కరైనను ఉండవలయును: పంచాంగపు ముసలమ్మయో, బడిపంతులో, పడవవాడో. ఆ ఒక్కరు బిడ్డ మాటను కడవఱకు వినవలయును.

ఇట్టి కథలు తెలుగున విరివిగా రావలెనని మా కోరిక. లంకలు మనకున్నవి, పులికాటు సరస్సులో ఇరకము వంటి దీవులున్నవి, కృష్ణ కలియు చోట దివిసీమయున్నది. అచటి రేవులు, మేటలు, పోటులు, బాతుల మందలు రచయితకై వేచియున్నవి. వ్రాయువారికి మేము చెప్పున దొక్కటే. దొంగ యెవరో తెలిసిన పుటయందు కలమును దింపకుడు. మఱునాటి యుదయమును కూడ వ్రాయుడు: రేవులో పడవ కట్టియున్నది, అవతలి గట్టున సంత, దాటవలసినవారిలో నష్టపడిన యామె యున్నది, నష్టపఱచిన యాతడున్నాడు, వట్టి యనుమానమును మోసిన బాతులవాడున్నాడు. వారు ముగ్గురును ఆ పడవలో ఎట్లు కూర్చుండిరో వ్రాయగలిగిన రచయిత పుస్తకమును ఏ తల్లియైనను నిశ్చింతగా బిడ్డ చేతి కీయవచ్చును.